ముల్లా ముహిబ్బుల్లా బిహారీ: 'అయితే' అనే మాటకు లెక్క చెప్పిన హైదరాబాద్ ఖాజీ

సిరిసిల్లలో కరెంటు పోతే సాంచాలు ఆగుతాయి. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. ఒకరోజు పొద్దున అటుగా పోతుంటే సాంచాల చప్పుడు వినిపించలేదనుకోండి. కరెంటు పోయిందని చెప్పేయొచ్చా? చెప్పలేం. నూలు రాకపోయి ఉండొచ్చు. కూలి రేట్ల మీద సమ్మె నడుస్తుండొచ్చు. ఎవరైనా పెద్దమనిషి చనిపోతే బంద్ పెట్టి ఉండొచ్చు. అదే సాంచాలు ఆడుతున్న చప్పుడు వినిపిస్తే మాత్రం కరెంటు ఉందని ఖాయంగా చెప్పొచ్చు.

ఇట్లాంటి తేడాలను పట్టిచ్చే శాస్త్రాన్ని అరబీ, ఉర్దూల్లో మంతిఖ్ అంటారు. తెలుగులో తర్కం. మన దేశంలో మంతిఖ్ మీద వచ్చిన పుస్తకాల్లో బాగా పేరుపడ్డది సుల్లముల్ ఉలూమ్. విద్యలకు నిచ్చెన అని అర్థం. రాసినాయన ముల్లా ముహిబ్బుల్లా బిహారీ (రహ్మతుల్లాహి అలైహ్). మీ ఇంట్లో ఎవరైనా ఆలిమ్ కోర్సు చదివి ఉంటే సుల్లం పేరు మీ చెవిన పడే ఉంటుంది. ఆ పేరుతో పాటు ఒక నిట్టూర్పు కూడా వినే ఉంటారు, ఎందుకంటే అది అంత తేలికగా లొంగే కితాబు కాదు. అయితే ఆ కితాబు రాసిన మనిషి కొంతకాలం మన హైదరాబాద్‌కే ఖాజీగా ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆయన పుట్టింది బిహార్‌లోని కఢా అనే ఊళ్లో. అందుకే బిహారీ అని పేరు పక్కన చేరింది. పెద్ద చదువు మౌలానా ఖుత్బుద్దీన్ షంసాబాదీ దగ్గర సాగింది. ఇది మన ఎయిర్‌పోర్టు దగ్గరి శంషాబాద్ కాదు, ఉత్తరాదిలో కన్నౌజ్ వైపు ఉన్న షంసాబాద్. చదువు అయిపోయాక ఉద్యోగం కోసం ఢిల్లీ వెళ్లినా లాభం లేదు. ఔరంగజేబ్ 1681లోనే దక్కన్‌కు వచ్చేశాడు, 1707లో అహ్మద్‌నగర్‌లో కన్నుమూసేదాకా తిరిగి ఉత్తరాదికి పోలేదు. పాతికేళ్లకు పైగా దర్బారు దక్కన్‌లోనే, చాలావరకు డేరాల్లోనే నడిచింది. ముహిబ్బుల్లా సాహెబ్ కూడా దక్కన్ దారే పట్టారు. బాద్షా ఆయన్ని ముందు లక్నో ఖాజీగా వేశాడు, ఆ తర్వాత హైదరాబాద్‌కు మార్చాడు.

అప్పటికి హైదరాబాద్ కుతుబ్‌షాహీల చేతిలో లేదు. 1687లో గోల్కొండ కోట పడిపోయి మొఘల్ సుబా అయింది. ఆ సుబాలో ఎలగందుల ఒక సర్కారు. ఈ రోజు మనం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంటున్న ప్రాంతం దాని కిందిదే. 1905లో కరీంనగర్ జిల్లా అనే పేరు వచ్చేదాకా ఎలగందుల పేరే నడిచింది. ముహిబ్బుల్లా సాహెబ్ ఖాజీగా ఉన్న రోజులకు జగిత్యాల కోట ఇంకా లేదు, అది 1747 నాటిది. ఆయన ఇటువైపు వచ్చారని నేను అనడం లేదు. ఆయన కూర్చున్న సుబా మనది అని మాత్రమే చెబుతున్నా.

ఖాజీ అంటే ఇప్పుడు మనకు నికాహ్ రిజిస్టర్ గుర్తొస్తుంది. అప్పటి ఖాజీ పని చాలా పెద్దది. నికాహ్, తలాఖ్, వారసత్వ వాటాలు, అప్పులు, అమ్మకం కాగితాల మీద మొహరు, ఇవన్నీ ఆయన ముందుకు వచ్చేవి. ప్రతి తగాదాలో ఎక్కడో ఒకచోట అయితే అనే మాట ఉంటుంది. బాకీ తీరిస్తే తాకట్టు విడిపించాలి. కొడుకు ఉంటే తమ్ముడికి వాటా రాదు. ఆ అయితే ఎంతదూరం పోతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే ఎవరో ఒకరి హక్కు పోతుంది.

మంతిఖ్ పుస్తకాలు ఇట్లాంటి వాక్యాన్ని షర్తియా అంటాయి. ముందు సగం ముఖద్దమ్, వెనక సగం తాలీ. సూర్యుడు పొడిస్తే పగలు అవుతుంది అనేది పాత ఉదాహరణ. సూర్యుడు పొడిచాడు కాబట్టి పగలు అనడం సరైనది. పగలు కాలేదు కాబట్టి సూర్యుడు పొడవలేదు అనడం కూడా సరైనదే. మిగిలిన రెండు నడకలు చూడటానికి అట్లాగే ఉంటాయి కానీ వాటికి కాళ్లు లేవు. తాలీ నిజమైంది కాబట్టి ముఖద్దమ్ నిజం అనడం ఒకటి. ముఖద్దమ్ లేదు కాబట్టి తాలీ కూడా లేదు అనడం రెండోది. సూర్యుడి ఉదాహరణలో ఈ మోసం బయటపడదు, ఎందుకంటే పగటికి సూర్యుడు తప్ప వేరే కారణం లేదు. అందుకే నేను సాంచాలతో మొదలుపెట్టా.

కోరుట్ల, జగిత్యాలల్లో ఈ తప్పు ఖరీదు లక్షల్లో ఉంటుంది. గల్ఫ్ వీసా స్టాంప్ కావాలంటే మెడికల్ ఫిట్ రావాలి. ఇది నిజం. మెడికల్ ఫిట్ వచ్చింది, ఇంక వీసా వచ్చినట్టే, మిగిలిన పైసలు కట్టండి అని ఏజెంట్ అంటాడు. ఇంట్లో అందరూ సంతోషపడతారు, మేనమామ వడ్డీకి తెచ్చి ఇస్తాడు. చూడండి, వీసా వచ్చిన ప్రతి ఒక్కరికీ మెడికల్ అయి ఉంటుంది. మెడికల్ అయిన ప్రతి ఒక్కరికీ వీసా వస్తుందని ఆ మాటలో ఎక్కడా లేదు. తాలీని పట్టుకుని ముఖద్దమ్‌ను రాబట్టడం అంటే ఇదే. ఏజెంట్ అబద్ధం ఒక్కటి కూడా ఆడకుండానే మనల్ని ముంచగలడు.

ఇదే సంగతి మీద ఒక పొడుపు కథ లాంటి పరీక్ష ఉంది. పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో రాశాడు. ఆయనది అక్షరాలు, అంకెలు ఉన్న కార్డులతో. మన పద్ధతిలో చెప్తా, పిల్లలతో ఆడి చూడండి. బల్ల మీద నాలుగు చీటీలు ఉన్నాయి. ప్రతి చీటీకి ఒకవైపు వీసా సంగతి, రెండోవైపు మెడికల్ సంగతి రాసి ఉంది. మనకు కనిపిస్తున్న వైపుల్లో ఒకదాని మీద వీసా వచ్చింది, ఇంకోదాని మీద వీసా రాలేదు, మూడోదాని మీద ఫిట్, నాలుగోదాని మీద అన్‌ఫిట్ అని ఉంది. వీసా వస్తే మెడికల్ ఫిట్ అయి ఉండాలి అన్న నియమం ఈ చీటీల్లో తప్పిందా లేదా తేల్చాలి. ఏ చీటీలు తిప్పాలి? ఎక్కువమంది మొదటిదీ మూడోదీ తిప్పుతారు. తిప్పాల్సింది మొదటిదీ నాలుగోదీ. ఫిట్ అని ఉన్న చీటీ వెనక ఏమున్నా నియమానికి దెబ్బ లేదు. అన్‌ఫిట్ వెనక వీసా వచ్చింది అని ఉంటే నియమం అక్కడే కూలుతుంది. వాసన్ కార్డులతో చదువుకున్న వాళ్లలో కూడా చాలా తక్కువ మందే సరిగ్గా చెప్పారు. బ్యాంకు పరీక్షల రీజనింగ్ పేపర్‌లో మార్కులు పోయేది కూడా సరిగ్గా ఇక్కడే.

ఈ జాగ్రత్త అరబీ చదివిన వాళ్ల సొత్తేమీ కాదు. దాదాపు అదే శతాబ్దంలో మన తెలుగు నేలకు చెందిన అన్నంభట్టు సంస్కృతంలో తర్కసంగ్రహం రాశాడు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పచ్చి కట్టె తగిలితేనే పొగ. ఆ సంప్రదాయంలో ఇట్లాంటి తప్పులకు హేత్వాభాసలు అని పేరు. మన మంతిఖ్‌లో ముఘాలతా. ఇద్దరూ ఒకరినొకరు చదివారో లేదో గానీ, ఇద్దరూ కాపలా కాసింది ఒకే గుమ్మం దగ్గర.

ముఘాలతాకు మదర్సాల్లో చెప్పే ఒక ఉదాహరణ నాకు ఇష్టం. గోడ మీద గుర్రం బొమ్మ ఉంది. దాన్ని చూపించి ఇది గుర్రం అంటాం. ప్రతి గుర్రం సకిలిస్తుంది. కాబట్టి ఈ బొమ్మ సకిలిస్తుంది! గుర్రం అనే మాట ఒకసారి జంతువుకు, ఒకసారి బొమ్మకు వాడాం, మధ్యలో చూసుకోలేదు. ఫోన్లో వచ్చే సగం ఫార్వర్డ్‌లు ఈ బొమ్మ గుర్రాలే.

ముహిబ్బుల్లా సాహెబ్ రెండో పెద్ద పుస్తకం ముసల్లముస్ సుబూత్, ఉసూలె ఫిఖ్ మీద. అంటే షరీఅత్ ఆదేశాల నుంచి తీర్పు ఎట్లా తీయాలి అనే శాస్త్రం. పేరులోనే తారీఖు దాచారు. 786 లెక్క తెలిసిన వాళ్లకు ఇది సులువు. ముసల్లమ్ అనే మాటలో మీమ్ 40, సీన్ 60, లామ్ 30, మీమ్ 40 కలిపి 170. అస్ సుబూత్‌లో అలిఫ్ 1, లామ్ 30, సే 500, బే 2, వావ్ 6, తే 400 కలిపి 939. మొత్తం 1109. హిజ్రీ 1109 అంటే 1697-98. కామర్స్ చదివినవాణ్ణి కదా, రెండుసార్లు కూడి చూశా, సరిపోయింది.

ఉసూల్ శాస్త్రంలో అయితే అనే మాట మీద పెద్ద చర్చ ఒకటి ఉంది. మన ఇళ్లకు నేరుగా తగిలే చర్చ కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

ఖుర్ఆన్‌లో సూరె తలాఖ్ ఆరో ఆయత్‌లో, తలాఖ్ అయిన స్త్రీలు గర్భవతులైతే ప్రసవం దాకా వాళ్ల ఖర్చు భరించమని ఆదేశం ఉంది. మరి గర్భవతి కాకపోతే? మళ్లీ కలిసే అవకాశం ఉన్న రజయీ తలాఖ్‌లో ఇద్దత్ ఖర్చు భర్తదే, అందులో తగాదా లేదు. తగాదా బాయిన్ తలాఖ్ దగ్గర. ఇమామ్ షాఫియీ (రహ్మ) దృష్టిలో గర్భవతి అన్న షరతు పెట్టారంటే, ఆ షరతు లేనిచోట తిండి ఖర్చు లేదనే అర్థం. ఉండటానికి చోటు మాత్రం ఇవ్వాలి. హనఫీలు ఒప్పుకోలేదు. ఆయత్ గర్భవతి గురించి చెప్పింది, కానివాళ్ల గురించి ఆ వాక్యం ఏమీ చెప్పలేదు, కాబట్టి వాళ్ల సంగతి వేరే దలీల్‌తో తేల్చాలి అన్నారు. వేరే దలీల్‌లు చూసి, ఇద్దత్ అయ్యేదాకా తిండీ చోటూ రెండూ ఇవ్వాల్సిందే అని తేల్చారు.

షరతు లేనిచోట ఆదేశం కూడా లేదనుకోవడాన్ని ఉసూల్‌లో మఫ్‌హూమె షర్త్ అంటారు. దాన్నే మంతిఖ్ వైపు నుంచి చూస్తే ముఖద్దమ్ లేదు కాబట్టి తాలీ లేదు అనే నడక. షాఫియీ ఉలమాకు ఈ సంగతి తెలియక కాదు. మాట్లాడేవాడు ఊరికే షరతు పెట్టడు, పెట్టాడంటే దానికి ప్రయోజనం ఉండాలి అన్నది వాళ్ల వాదన, అది కూడా బలమైనదే. తర్వాతి హనఫీలు కూడా మనుషుల మామూలు మాటల్లో, ఫిఖ్ పుస్తకాల వాక్యాల్లో ఆ అర్థం తీసుకోవచ్చన్నారు. ఎవరైనా తోటి మనిషికి పని చేస్తే వంద ఇస్తా అంటే చేయకపోతే ఇవ్వడనే కదా మనం అనుకుంటాం. షరీఅత్ ఆదేశాల దగ్గర మాత్రం చెప్పని మాటను చెప్పినట్టు తీసుకోకూడదని వాళ్ల పట్టు. నాకు అనిపించేది ఏంటంటే, మనం పజిల్స్‌లో పడిపోవడానికి కారణం కూడా ఇదే. రోజువారీ మాటల్లో పనికొచ్చే అలవాటును, అది చెల్లని చోటికి కూడా మోసుకెళ్తాం.

తెలంగాణలో మన కుటుంబాలు ఎక్కువగా హనఫీలు. హైదరాబాద్ బార్కస్‌లోని అరబ్ కుటుంబాలు షాఫియీలు. ముహిబ్బుల్లా సాహెబ్ హనఫీయే అయినా ముసల్లమ్‌లో హనఫీ పద్ధతినీ షాఫియీ పద్ధతినీ పక్కపక్కన పెట్టి చర్చించారు. ఒక ఖాజీ ముందు ఇద్దత్‌లో ఉన్న మనిషి నిలబడి మూడు నెలల తిండి అడుగుతున్నప్పుడు, ఈ చర్చ పుస్తకంలోది కాదు. ఆమె పొయ్యి వెలగడం, వెలగకపోవడం ఆ ఒక్క అయితేను ఎట్లా చదివారన్న దాని మీద ఉంటుంది.

సుల్లం దగ్గరికి మళ్లీ వద్దాం. అల్లాహ్ స్తుతితో మొదలయ్యే మొదటి వాక్యాల్లోనే ఆయన మంతిఖ్ మాటలు ఇమిడ్చారు. తర్కంలో నిర్వచనాన్ని హద్ అంటారు, హద్దు అన్నా అదే. అల్లాహ్‌కు హద్ లేదు అంటే రెండు అర్థాలూ వస్తాయి. అట్లాగే నతీజా రాబట్టడానికీ సంతానానికీ అరబీలో ఒకే ధాతువు. ఆ ఒక్క పేజీ మీదే విద్యార్థులకు రోజులు గడిచిపోతాయి.

పుస్తకంలో అన్నిటికంటే చిక్కు ముడి ఇది. ఒకడు నిలబడి నేను ఇప్పుడు చెబుతున్న ఈ మాట అబద్ధం అంటాడు. అది నిజమైతే, వాడు చెప్పినట్టే అబద్ధం. అబద్ధమైతే, వాడు చెప్పింది నిజమైపోయింది. రెండువైపులా అయితే పెట్టి చూసినా కాలు నిలవదు. షీరాజ్ పండితుడు జలాలుద్దీన్ దవ్వానీ, అది అసలు ఖబర్ కాదు, అంటే నిజమో అబద్ధమో అనదగ్గ వాక్యమే కాదు అన్నారు. ఒక మాట తన గురించి తానే కబురు చెప్పుకోలేదని కారణం చూపారు. ముహిబ్బుల్లా సాహెబ్‌కు అది సరిపోలేదు. స్తుతి మొత్తం అల్లాహ్‌దే అని మనం అంటాం. ఆ వాక్యం కూడా ఒక స్తుతే, కాబట్టి అది తన గురించి కూడా చెప్పుకుంటోంది. దాన్ని తప్పుపట్టేవాడు ఎవరు? ఒకే మాటను మొత్తంగా చూస్తే విషయం, విడివిడిగా చూస్తే కబురు అవుతుందని చెప్పి ఆయన తన జవాబు ఇచ్చారు. ఇచ్చి కూడా, ఇది జజ్ర్ అసమ్ అని హెచ్చరించి వదిలారు. జజ్ర్ అసమ్ అంటే చెవిటి మూలం. లెక్కల్లో రెండుకు వర్గమూలం తీస్తే ఎంత పిలిచినా పూర్తి జవాబు పలకదు కదా, అట్లాంటిది.

హైదరాబాద్ పదవి ఎక్కువ కాలం నిలవలేదు. తొలగించారు. తర్వాత బాద్షా తన మనవడు రఫీఉల్ ఖద్ర్‌కు చదువు చెప్పే పని అప్పగించాడు. రఫీఉష్షాన్ అని చరిత్రలో కనిపించేది ఆయనే, షహజాదా షా ఆలం కొడుకు. షా ఆలం కాబూల్ సుబేదారుగా వెళ్తే ముహిబ్బుల్లా సాహెబ్ కూడా వెంట వెళ్లారు. 1707లో ఔరంగజేబ్ పోయాక షా ఆలం తఖ్తు ఎక్కాడు. ఆయనకు ఫాజిల్ ఖాన్ బిరుదు ఇచ్చి రాజ్యం మొత్తానికి పెద్ద పదవిలో కూర్చోబెట్టాడు. ఆ పదవి సుఖం ఆయనకు దక్కలేదు, అదే 1707లో, హిజ్రీ 1119లో, ఇంతిఖాల్ అయ్యారు. ఆయన శిష్యుడు రఫీఉష్షాన్ 1712 తఖ్తు యుద్ధంలో చనిపోయాడు. ఆ శిష్యుడి కొడుకులు ఇద్దరు 1719లో ఒకరి తర్వాత ఒకరు బాద్షాలయ్యారు, ఇద్దరూ కొన్ని నెలలే. మొత్తం మీద బిహార్ నుంచి దక్కన్‌కు, లక్నోకు, హైదరాబాద్‌కు, కాబూల్‌కు తిరిగిన జీవితం అది. ఇంత తిరుగుడులో అంత బిగువైన పుస్తకాలు ఎప్పుడు రాశారో అని ఆశ్చర్యం వేస్తుంది.

ఆయన పోయాక పుస్తకాల బతుకు మొదలైంది. లక్నోలో ఫిరంగీ మహల్ ఉలమా దర్సె నిజామీ పాఠక్రమం నడిపారు. సుల్లం అందులో కుదురుకుంది. ఖాజీ ముబారక్ గోపామవీ, హమ్దుల్లా సందీలవీ, ముల్లా హసన్ షరహ్‌లు రాశారు. ఆ వ్యాఖ్యానాలే మళ్లీ పాఠ్యపుస్తకాలయ్యాయి, వాటి మీద ఇంకా వ్యాఖ్యానాలు. మంతిఖ్ ఇంత బరువు అక్కర్లేదని, పిల్లల ఏళ్లకు ఏళ్లు షరహ్‌ల్లో పోతున్నాయని నద్వా వాళ్లు వాదించారు. ఆ మాటలో న్యాయం ఉంది. నిచ్చెన ఎక్కడానికి గాని, మెట్లు లెక్కపెడుతూ కూర్చోవడానికి కాదు. కాని నిచ్చెనే తీసేస్తే ఏజెంట్ ముందు, ఫార్వర్డ్ ముందు మన పిల్లలు ఏం పట్టుకుంటారో కూడా ఆలోచించాలి.

ముసల్లముస్ సుబూత్‌కు దొరికిన వ్యాఖ్యాత దక్షిణాదిలోనే స్థిరపడ్డాడు. ఫిరంగీ మహల్‌కు చెందిన అబ్దుల్ అలీ, బహ్రుల్ ఉలూమ్ అని పేరు. నెల్లూరు దాకా ఏలిన ఆర్కాట్ నవాబు ముహమ్మద్ అలీ వాలాజాహ్ పిలిస్తే మద్రాస్ వచ్చారు, 1810లో అక్కడే కన్నుమూశారు. ముసల్లమ్ మీద ఆయన రాసిన వ్యాఖ్యానం ఫవాతిహుర్ రహమూత్. సుమారు వందేళ్ల తర్వాత, హిజ్రీ 1322 ప్రాంతంలో, ఈజిప్టులోని బూలాఖ్ ప్రెస్ ఇమామ్ ఘజాలీ అల్ ముస్తస్ఫాను అచ్చువేసింది. అదే పుస్తకంలో, ఘజాలీ మాటలతో పాటే, మద్రాస్‌లో చనిపోయిన బహ్రుల్ ఉలూమ్ వ్యాఖ్యానం, దాంట్లో ఒకప్పటి హైదరాబాద్ ఖాజీ వాక్యాలు అచ్చయ్యాయి. అరబ్ దేశాల విద్యార్థులు చాలామంది ముహిబ్బుల్లా బిహారీని మొదటిసారి చదివింది ఆ పేజీల్లోనే.